కోత లేని బ్యాంకు

"జేజీ, కువైట్‌కు పోయినాక ఏ బ్యాంకులో ఖాతా తెరిస్తే మేలు? అన్నేమో ఏదో ఒకటిలే, అన్నీ ఒకటే అంటాండాడు."

అన్నీ ఒకటేనంటనా? వాడేమన్నా పోయి చూసొచ్చినాడా? ఇట్ల కూర్చో పాపా. ఆ చింతపండు గంప జరుపు, గింజ తీస్తా చెప్తా.

మీ తాత ఎర్రగుంట్లలో సిమెంటు మూటలు లారీలకెత్తుతాండె గదా. నడుము పట్టేసి మంచాన పడినాక, ఇంగ నేనే కువైట్‌కు పోతి. అప్పుడు మా భారతి, అదే మీ అత్త, కడపలో నర్సు చదువుకు చేరిండె. ఫీజు, హాస్టలు అంతా నా జీతం మీదనే. మా కాలంలో చదువంటే ఏముండె, ఐదు పైసలకు పిడికెడు బలపాలొచ్చేవి. ఆ ఐదు పైసలు గూడా మా నాయన ఇయ్యలా, అది వేరే సంగతిలే. పిల్లకన్నా ఆ గతి పట్టగూడదని, దాని చదువు మధ్యలో ఆగగూడదని, నా ప్రాణమంతా దాని మీదనే.

ఏం చెప్తాంటి? ఆ, బ్యాంకు. ఆడ ఇంటి యజమానురాలిని మామా అంటారు, ఆమె మొగుణ్ణి బాబా అంటారు. ఆ బాబా వాళ్ళమ్మ, పండు ముసిలామె, మంచం దిగలేదు. ఆమెకు నీళ్ళు పోసేది, మందులేసేది, తినిపించేది, అదీ నా పని. మొదట్లో జీతం చేతికే ఇస్తాండ్రి. తర్వాత, ఇంగ బ్యాంకులోనే పడాలని చెప్పి, ఇంట్లోవాళ్ళందరికీ ఉండే బ్యాంకులోనే నాకూ ఒకటి తెరిపించిరి. అద్దాల మేడ పాపా అది. లోపలికి పోతే కాఫీ ఇస్తారు. నేనూ ఈ బ్యాంకే గదా అని మురిసిపోతి.

మనోళ్ళ సంగతి నీకు తెల్సు గదా. జీతం పడిందంటే ఆ పొద్దే ఊరికి పంపాల. పరాయి దేశంలో దుడ్లు పెట్టుకుంటే అవి మనవి గావని ఒక నమ్మకం. ఒంటిమిట్ట సుట్టుపక్కల నుంచి పోయిన ఆడోళ్ళం అందరమూ అంతే, ఖాతాను చీపురు పెట్టి ఊడ్చినట్ల ఊడ్చి పంపుతాంటిమి. ఆ ఊడ్చేదే మా కొంప ముంచె. ఆ బ్యాంకులో ఎప్పుడూ ఇంత నిలవుండాలని లెక్కంట. తగ్గిందంటే నెలనెలా కోత. అంటే ఉన్నోళ్ళకు కోత లేదు, లేనోళ్ళకే కోత. ఏం న్యాయమో చూడు.

నాకేం తెల్సు? నెలనెలా తగ్గుతాంటే మామా మీద అనుమానం, ఊరికి దుడ్లు పంపేటోని మీద అనుమానం. ఒకరోజు భారతి ఫోను చేసి, అమ్మా ఈ నెలా తక్కువొచ్చింది, హాస్టల్లో అన్నం ఆపేస్తామంటాండారు అనె. ఆ పొద్దు నేనూ తినలా. మా ఇంటి డ్రైవరు ఖాదర్ బాయ్, రాయచోటాయన, నా ఫోనులో వచ్చిన మెసేజీలు సదివి, అక్కా, బ్యాంకోడే కోస్తాండాడు నీకు, చిన్న జీతాలోళ్ళకు కోత లేని ఖాతాలు వేరే బ్యాంకుల్లో ఉంటాయంట, అడిగి చూడు అనె.

అడగాలంటే ఎప్పుడు? నాకు సెలవు శుక్రవారం, ఆ పొద్దు బ్యాంకులూ మూతే. మార్చాలంటే మామా వచ్చి చెప్పాల, సంతకం పెట్టాల. ఆయమ్మేమో నాలుగు చిల్లర దుడ్లకు ఇంత గోలేంది అనె. ఆమెకు చిల్లరే. నా బిడ్డకు అన్నం అది.

సరేలే అని, తెల్లారి టీ ఇస్తా, మామా, బ్యాంకు అంటి. మళ్ళా తెల్లారి టీ, మళ్ళా అదే మాట. తిట్టె. మాట్లాడేది మానేసె. ఇండియాకు పంపిస్తా అనె. పంపు మామా, బ్యాంకు అయినాక పంపు అంటి. పనిలో ఒక్క వంక పెట్టనియ్యలా, మాట ఇడిసిపెట్టలా. మీ తాత ఫోనులో, ఎందుకొచ్చిన గొడవ, ఉన్న పని పోతాది అని ఒకటే నస. నీ నడుము నువ్వు చూసుకో, ఇది నేను చూసుకుంటా అంటి.

ఇదంతా ముసిలామె మంచంలో నుంచి వింటానే ఉండె. ఒకనాడు మధ్యాన్నం గంజి తాపబోతే మొగం అట్ల తిప్పుకునె. నా మీద కోపమేమో అనుకుంటి. కొడుకును పిలిపించి, దీన్ని బ్యాంకుకు తీస్కపొయ్యేదాకా నేను మెతుకు ముట్టను అని చెప్పె. బాబాకు అమ్మంటే శానా బయం. తెల్లారి మామానే కారు తాళాలు చేతిలో పట్టుకుని బయటికొచ్చె, మొగం మాడ్చుకుని.

ఏ బ్యాంకుకు పోయినా నేను అడిగేది ఒకటే. నాకొచ్చిన వంకర అరబీలోనే, ఖాతా ఖాళీగా ఉంటే ఎంత కోస్తావు? ఒకడు నవ్వి, మా దాంట్లో లాటరీ తీస్తారు, కారు తగలొచ్చు అంటాడు. నాకు కారెందుకు నాయనా, కోత సంగతి చెప్పు అంటి. కడాకు ఒక బ్యాంకులో ఒక పిల్ల, జీతం నెలనెలా పడితే చాలు, ఖాళీగా ఉన్నా ఏమీ కోయం అనె. కార్డుకు ఏటేటా కోతుందా? లేదనె. ఊరికి పంపితే ఎంత? అదీ చెప్పె. ఇదే మాట మామా ఎదురుగ్గా ఇంగొక తూరి చెప్పమ్మా అంటి. అప్పుడు పెట్టిచ్చుకుంటి సంతకం.

పంపేదీ మార్చుకుంటి. పంపినప్పుడల్లా ఒక కోత గదా. జాతరకని ఒక తూరి, పొట్టేలుకని ఒక తూరి పంపేది మానేసి, నెలకు ఒకే తూరి. పొట్టేలుకు దుడ్లు రాలేదని మా మరిది మాట్లాడేది మానేసె. మానేయనీ. ఆ నెల భారతి ఫోను చేసి, అమ్మా, అంతా వచ్చింది అనె. నేను స్నానాలగదిలోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడిస్తి. సంతోషంతోనే. ఇప్పుడు కడప ఆస్పత్రిలో అందరూ దాన్ని సిస్టరమ్మా అని పిలుస్తాంటే, నాకు అదే చాలు.

ఆ కార్డు చేతికొచ్చినరోజు, ముసిలామె చూపించమనె. ఆమెకు చూపు సరిగా లేదు. నీ పేరు యాడుండాది అనె. ఆమె వేలు పట్టుకుని ఉబ్బెత్తు అక్షరాల మీద పెడితి. నిదానంగా ఈ కొన నుంచి ఆ కొనకు తడిమె. "ఇంత పెద్ద ఇంట్లో నా పేరు మీద ఏమీ లేదు ఓబులమ్మా" అనె. ఆ కార్డును పొద్దుగూకేదాకా గుప్పిట్లోనే పెట్టుకుని పండుకునె. నేను తిరిగియ్యమని అడగలా.

అందుకే చెప్తాండా తల్లీ. మీ అన్న మంచోడే, కాదనను. అయినా ఖాతా నీ పేరు మీద, నువ్వే అడిగి, నువ్వే ఎంచుకుని తెరువు. అడిగేదానికి సిగ్గుపడొద్దు. నీ కష్టం కోత పడకుండా నీ చేతికే రావాల. సల్లగా పోయిరా బిడ్డా.