చేప తిన్న మనిషి

గాజు కార్ఖానా పనివాళ్ళకి పరీక్షలు చేసే ల్యాబులో, బల్లకి అటు ఆడపడుచు, ఇటు వదిన. రిపోర్టు మాత్రం ఆడపడుచు మోచేతి కింద ఉంది.

"అంటే మీ అన్నయ్య ఒంట్లో పాషాణం ఉన్నట్టా, లేనట్టా? సూటిగా చెప్పు పండూ. పదిరోజులుగా నాకు ముద్ద దిగడం లేదు."

"ఉంది వదినా. కానీ విషం కాదు."

"పాషాణం విషం కాకపోతే పంచదారా?"

"పాషాణం, అదే ఆర్సెనిక్, ఒక్క రూపంలో ఉండదు. గాజు తేటగా రావడానికి కొలిమిలో కలిపే పొడి ఉందే, అది చెడ్డ రూపం. ఏళ్ళ తరబడి ఒంట్లోకి పోతే చర్మం మీద మచ్చలు, అరచేతులు గరుకెక్కడం, కాళ్ళు తిమ్మిరెక్కడం, ఆఖరికి కేన్సరు. మొదట అన్నీ కలిపి కొలిచాం, ఎక్కువొచ్చింది. అందుకని అదే సీసాలో మూత్రం మళ్ళీ తీసి రూపాలు విడదీశాం. చెడ్డది లేనట్టే. ఉన్నదంతా మంచి రకం. రెండు మూడు రోజుల్లో ఎలా వచ్చిందో అలా బయటికి పోతుంది."

"అమ్మయ్య. అయితే కొలిమి దగ్గర్నించి తీసెయ్యరుగా? కిందటేడు పాషాణం తేలిందని ఇద్దర్ని తీసేశారు. గాజు ఊదడం మాన్పిస్తే మీ అన్నయ్య మనిషిలా ఉండడు."

"తీసెయ్యరు. ఇంటికెళ్ళి హాయిగా పడుకో."

"వెళ్తాలే. ఆ మంచి రకం ఎక్కణ్ణించి వచ్చిందట?"

"ఎక్కణ్ణించో వచ్చింది. మంచిదేగా."

"పండూ."

"తిండిలోంచి."

"ఏ తిండి? ఆయన తినేది నేను పెట్టే తిండేగా?"

"సముద్రపు చేపలు, రొయ్యలు... అలాంటివి."

"మళ్ళీ చెప్పు."

"విన్నావుగా వదినా."

"చేప వాసనకే నా మొహం ఉబ్బిపోతుందని, పెళ్ళయిన మూడోరోజే అందరి ముందూ మానేసిన మనిషి. నీకు పడనిది నాకూ వద్దన్నాడు."

"ఆ మాట ఈ పదకొండేళ్ళలో నువ్వు మాకు చెప్పని రోజు లేదులే. నా చేతి చేపలకి పరిగెత్తుకొచ్చే అన్నయ్య, నువ్వొచ్చాక నా వంటింట్లో అడుగు పెట్టలేదు. నాకు మాత్రం మండదా?"

"అయితే నీ దగ్గర తినలేదా?"

"నీ దగ్గరే అనుకున్నాను. వదిన ముక్కు మూసుకుని వండిపెట్టడం మొదలెట్టింది, నాకు చెప్పలేదు అనుకుని రాత్రంతా దొర్లాను."

"నువ్వూ కాదు, నేనూ కాదు. అయితే ఆవిడే."

"ఎవరు?"

"స్టోరు రూములో తాళాలు గలగలలాడిస్తూ తిరుగుతుందే, ఆవిడ. కార్ఖానా ఫోటోలో ఆయన పక్కనే నిలబడింది."

"ఆ ఫోటోలో నలభై మంది ఉన్నారు."

"ముప్ఫై తొమ్మిది మంది కెమెరా వైపు చూస్తున్నారు. ఇక్కడ నేను ఆయన అరచేతులు గరుగ్గా ఉన్నాయని రోజూ నూనె రాస్తుంటే, అక్కడ ఆవిడ రొయ్యలు వొలిచి పెడుతోందన్నమాట. ఇంకోసారి చూడు పండూ. విషమే అయ్యుంటుంది."

"విషమైతే నయమా?"

"విషమైతే నేను చూసుకునేదాన్ని. ఉండు, ఫోన్ స్పీకర్లో పెడుతున్నాను, నువ్వు నోరెత్తకు. ఏమండీ, రిపోర్టొచ్చింది."

"ఏమన్నారు? కొలిమి దగ్గర ఉండనిస్తారా?"

"మీ ఒంట్లో ఉన్నది చేపలు తింటే వచ్చే పాషాణమట. ఎక్కడ తిన్నారు?"

"చేపలా?"

"చేపలే."

"ఆ... తిన్నాను. తిన్నానని రాసుకోమను. ఇంక మళ్ళీ పరీక్ష అక్కర్లేదుగా?"

"ఎవరు వండారు?"

"ఎవరైతే ఏముందిలే ఇప్పుడు."

"స్టోరావిడా?"

"ఆ, ఆవిడే. సీసా ఇచ్చే ముందురోజు డబ్బా తెచ్చింది. తప్పయిపోయింది, ఇంటికొచ్చాక ఎంత తిడతావో తిట్టు. రిపోర్టు మాత్రం ఇవాళే పంపెయ్యమని పండుకి చెప్పు."

"ఏం చేప?"

"ఏదో చేప. పనుంది, ఉంటాను."

"ఫోన్ పెట్టేశాడా? చూశావా వదినా, ఎంత సుళువుగా ఒప్పేసుకున్నాడో. ఏదో చేపట. ముల్లు చూసి చేప పేరు చెప్పేవాడు మా ఇంట్లో. సాయంత్రం ఇద్దరం వెళ్దాం పద. నువ్వు నాలుగు అను, నేను నాలుగు అంటాను. చెల్లెలి వంట చేదైనవాడికి ఆవిడ డబ్బా తీపైందా?"

"ఆవిడ లేదు."

"లేకపోవడమేంటి?"

"కూతురి కాన్పుకి వెళ్ళింది. నెల దాటింది. సీసాలు తీసుకున్నది పదిరోజుల కిందటేగా?"

"అవును. నీకెలా తెలుసు ఆవిడ లేదని?"

"గేటు కాపలావాణ్ణి రోజూ అడుగుతాను, ఆవిడ ఎప్పుడొచ్చింది, ఎప్పుడెళ్ళిందని. ఈ నెలే కాస్త నిద్రపట్టింది నాకు."

"మరి ఇందాక ఆవిడే అని ఎగిరావు?"

"అలవాటు. పాలు పొంగినా ముందు ఆవిడే గుర్తొస్తుంది."

"మరి అన్నయ్య చెయ్యని తప్పు నెత్తినేసుకోవడమెందుకు?"

"ఆవిడ పేరు వింటే నేను ఏడుస్తూ కూర్చుంటాను, ఇంకేమీ అడగనని. పదకొండేళ్ళ కాపురం, ఆమాత్రం తెలీదా ఆయనకి?"

"అసలు తినకపోతే సీసాలోకి ఎలా వచ్చింది వదినా?"

"ఆ సీసా నింపిన మనిషి వేరే, కొలిమి మాన్పిస్తారని మీ అన్నయ్యకి భయం. ఆ రిపోర్టు పంపకు, ఖాళీ సీసా ఇంకోటి ఇవ్వు. ఈసారి నేనే పక్కన నిలబడతాను."