మంగళవారం పేకాట

హలో… ఆఁ, నేనే. నోరీన్‌నే. ఈ ఇంట్లో ఫోనెత్తడానికి ఇంకెవరున్నారు?

ఎవరూ?…

ఓహో. నువ్వా, ఫినూలా.

…పనేం లేదు. రొట్టె ఇప్పుడే ఓవెన్‌లో పెట్టాను. అది కాలేదాకా ఖాళీయే. చెప్పు.

…ఆయన లేడు. పడవకి రంగు వేయాలని రేవుకి వెళ్ళాడు. టీచరమ్మ ఫోన్ చేసిందని చెబుతాలే, రాగానే—

నాతోనా? నాతో నీకేం పని? నాకు చదవడం వచ్చు కదా!

…అబ్బే, వెటకారం కాదు.

…సరే, వెటకారమే. అయితే ఏమిటి?

…తెలిసింది. పోయిన సోమవారం తెలిసింది. ఊళ్ళో అందరికీ తెలిశాక, అందరికంటే చివర, ఆయన పెళ్ళానికి.

లేదు, ఆయన చెప్పలేదు. చెబితే ఇంత బాధుండేది కాదేమో. గాల్వే ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. ఎప్పటిలాగే చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నా, చదివి పెడదామని. ఆయనేమో తనే కవరు చింపి, టీ తాగుతూ… 'నీ తుంటి చూస్తారట, పదిహేనో తారీఖున పదిన్నరకి రమ్మన్నారు' అన్నాడు.

అంతే. బయట వానపడుతోంది అన్నంత మామూలుగా.

…సంతోషమా? ఎక్కడి సంతోషం ఫినూలా!

నలభై ఒక్కేళ్ళు! పడవ లైసెన్సు కాగితాలు నేనే చదివాను. లివర్‌పూల్ నుంచి వాళ్ళన్న రాసే ఉత్తరాలు నేనే చదివాను. చర్చిలో కీర్తనల పుస్తకం తలకిందులుగా పట్టుకుంటే, పక్కవాళ్ళు చూడకముందే తిప్పి పెట్టింది నేను. పొద్దున్నే పేపర్లో పోయినవాళ్ళ పేర్లు నేను చదువుతుంటే, 'ఆయనా? ఆయన మేనత్త మా అమ్మకి బాగా తెలుసు' అని మొదలుపెట్టేవాడు. మాటల్లో పడి టీ చల్లారిపోయేది.

ఇప్పుడు? పేపరు రెండు ముక్కలు చేసి ఆయనకో సగం, నాకో సగం. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరం నోరు మూసుకుని చదువుకుంటున్నాం. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది మా ఇంట్లో. ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినలేదు నేను దాన్ని.

…నీకేం తెలుస్తుందిలే.

…అవును, పేకాట! మంగళవారం, గురువారం పబ్బులో పేకాట అనేవాడు. రెండు చలికాలాలు! నేనే మఫ్లర్ చుట్టి మరీ పంపేదాన్ని. నువ్వేమో పబ్బు మలుపులో కారాపి ఎక్కించుకుపోయేదానివి. 'ఇవాళైనా గెలిచావా' అని అడిగితే, 'కొంచెం కొంచెం గెలుస్తున్నా' అనేవాడు.

…నవ్వకు నువ్వు.

…ఛ, ఆ అనుమానం కాదు. అరవై ఏడేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, పైగా గురక. నువ్వు లేవదీసుకుపోయినా మర్నాడే తెచ్చి గుమ్మంలో దింపేసి పోతావు. అదే అయితే నీ జుట్టు పట్టుకునేదాన్ని, తీరిపోయేది.

…మరేంటా? నా మొగుడు సిగ్గు విడిచి చెప్పుకోవడానికి నువ్వు దొరికావు. నేను దొరకలేదు. అదీ.

నీ ముందు తప్పులు చదివాడా? … తడబడ్డాడా? … చెమటలు పట్టేవా, పాపం. … మొదటి నెలలో మూడుసార్లు మానేస్తానన్నాడా? … మూడుసార్లూ నువ్వే గుమ్మందాకా వెళ్ళి వెనక్కి పిలిచావా?

…ఏడ్చాడా! కోల్మనా?

వాళ్ళమ్మ పోయినరోజు కూడా నా ముందు ఏడవలేదు ఫినూలా.

…నువ్వు టీచరువి కూడా కాదు కదా. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో స్టాంపులు అమ్మినదానివి. పెద్దవాళ్ళకి చదువు చెప్పడమెలాగో లైబ్రరీవాళ్ళు నాలుగు వారాలు నేర్పిస్తే నేర్చుకున్నావు. పైసా ఇవ్వరు. నీకెందుకమ్మా ఈ తద్దినం?

…'వచ్చి అడిగాడు.' అంతేనా? అడిగితే చేసేయడమేనా?

…ఏంటీ?

నేనెందుకు నేర్పలేదనా?

…

ఉన్నాను. ఉన్నానులే, పెట్టేయలేదు.

నేర్పాను. అంటే… మొదలుపెట్టాను. పెళ్ళయిన మొదటి చలికాలం. చిన్నపిల్లల పుస్తకం ఒకటి తెచ్చి, పొయ్యి పక్కన కూర్చోబెట్టాను. 'గుర్రం పరుగెత్తింది' అని ఉంది. ఇంగ్లీషులో 'హార్స్‌'కీ 'హౌస్‌'కీ ఒక్క అక్షరమే కదా తేడా, ఆయన 'ఇల్లు పరుగెత్తింది' అని చదివాడు.

నేను నవ్వాను.

…కాదు, ఎగతాళికి కాదు. ఇరవై మూడేళ్ళ పిల్లని. ఇల్లు పరుగెత్తడమేంటని నవ్వొచ్చింది, నవ్వేశాను. ఆయన పుస్తకం మూసి, మేకుకున్న కోటు తీసుకుని, 'పీతల బుట్టలు చూసుకోవాలి' అని వెళ్ళిపోయాడు.

…తెలియదు నాకప్పుడు. స్కూల్లో మాస్టారు ఈయన్ని బెంచీ మీద నిలబెట్టి చదివించి, క్లాసంతా నవ్వేలా చేసేవాడట. పదేళ్ళ తర్వాత వాళ్ళక్క చెప్పింది.

ఆయన మళ్ళీ ఆ పుస్తకం ముట్టుకోలేదు. నేనూ ముట్టుకోమనలేదు.

…ఎందుకంటే… నిజం చెప్పనా? ఆయనకి నా అవసరం ఉండటం నాకు బాగుండేది. చాలా? ఇంకేమైనా కక్కించాలా నాతో?

…ఏ ఉత్తరం?

ఆసుపత్రి నుంచి నేను రాసిందా? రెండేళ్ళ కిందట, తుంటి ఆపరేషన్ రోజు పొద్దున? … అది నీకెలా తెలుసు? నువ్వు చదివావా?

…చదవలేదా? మరి?

…మెల్లగా చెప్పు. ఒక్కొక్క మాట.

…వానలో, నాలుగు మైళ్ళు నడిచి. … అవునులే, కారు నడిపేదాన్ని నేను ఆసుపత్రిలో ఉన్నాను కదా. … కవరు కూడా చింపకుండా తెచ్చాడా? … నువ్వు చదివి పెడతానని చెయ్యి చాస్తే ఇవ్వలేదా!

…'ఇది మా ఆవిడ నాకు రాసింది. నువ్వు చదవొద్దు. నేను చదువుకోవాలి, నాకు నేర్పు.'

…ఇదే మాటా? ఇలాగే అన్నాడా?

…

ఎన్నాళ్ళు పట్టింది, చదవడానికి? … ఏడు నెలలా? అంటే నేను ఇంటికొచ్చి, చేతికర్ర పక్కన పడేసి తిరుగుతున్నా కూడా ఆయన ఇంకా ఆ ఉత్తరంతోనే కుస్తీ పడుతున్నాడా!

ఏం రాశానో చెప్పాడా నీకు? … పైకి చదవలేదా? … చదివి, మడిచి, నీ వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాడా. … అప్పుడా ఏడ్చింది.

చదవలేడన్న ధైర్యంతోనే రాశాను ఫినూలా. మత్తుమందు ఇచ్చాక మళ్ళీ లేస్తానో లేదోనని. 'నాకు భయంగా ఉంది' అని రాశాను. ఇన్నేళ్ళలో ఆయనతో అనని మాట. 'ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది' అని కూడా రాశాను.

అంటే ఆయనకి తెలుసు. ఏడాది పైనే అయింది తెలిసి. రోజూ నా ఎదురుగా కూర్చుని టీ తాగుతూ… ఒక్క మాటైనా…

ఆగు. ముక్కు చీదుకోవాలి.

…ఆఁ, చెప్పు. … శనివారమా? లైబ్రరీలో? … చదువుతాడా? మా కోల్మనా? నలభై మంది ముందు నిలబడా?

…తను రాసిందా? రాయడం కూడా నేర్పేశావా! నాకంటూ ఏమైనా మిగిల్చావా, తల్లీ?

…దేని గురించి రాశాడు? … చెప్పవా? అబ్బో.

…ఏంటీ? నేను వస్తే చదవనన్నాడా?

…

నేను నవ్వుతానని.

…అందుకని ఆయనకి చెప్పకుండా నువ్వు నాకు ఫోన్ చేశావు. … నన్ను బతిమాలడానికి. నేనిన్ని మాటలంటుంటే పడుతూ.

…నువ్వు మంచిదానివి. ఇదిగో, ఒక్కసారే అంటున్నా, గొంతులో చేపముల్లు అడ్డం పడ్డట్టుంది. మళ్ళీ అనమంటే అనను.

…కుళ్ళే! కాదని ఎవరన్నారు? వారం నుంచీ కుళ్ళుతో చస్తున్నా. మనిషే మారిపోయాడు ఫినూలా. కొట్లో డబ్బాల మీద పేర్లు చదివి తనే తెస్తున్నాడు. డాక్టరేదైనా కాగితం ఇస్తే, నావైపు చూడకుండా, తల వంచకుండా చేత్తో పట్టుకుంటున్నాడు. అది చూస్తే కడుపు నిండుతోంది, ఆ వెంటనే మండుతోంది. ఆ పని నాది. నా ఇంట్లో, నా పొయ్యి పక్కన అయిపోవాల్సింది.

…రెండూ ఒకేసారి ఉండొచ్చంటావా? ఏమో. నాకైతే మంటే ఎక్కువుంది.

— ఉష్. వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పుతున్నాడు.

…వద్దు, పెట్టకు. ఉండు.

ఏమయ్యా… ఆఁ, ఫినూలానే. … నాతో మాట్లాడటానికే చేసింది. … చెప్పింది. అంతా చెప్పింది.

అలా నిలబడిపోతావేం? లోపలికి రా. రంగు చేతులతో తలుపు పట్టుకోకు.

ఆ కాగితాలు తీయి. … ఏ కాగితాలేమిటి, శనివారం చదివేవి. ఇలా కూర్చో. అక్కడ కాదు, నా పక్కన. నాకు చదివి వినిపించు.

…తప్పులొస్తే రానీ. … ఆగితే ఆగు, నేనూ ఆగుతా. నాకేం తొందర లేదు.

…లేదు కోల్మన్. నవ్వను.

…

ఏంటి ఫినూలా? … ఫోను ఇలాగే ఉంచమంటావా? నువ్వూ వింటావా?

కుదరదమ్మా. రెండేళ్ళు విన్నావు నువ్వు. శనివారం మళ్ళీ వింటావు. ఇది మాత్రం నాకే.

పెట్టేస్తున్నా.