రోసమ్మకు వినబడని బూట్లు

ముందు ఆ కెమెరా బంద్ చేసి ఇట్ల వచ్చి కూసో. సిగ్గనిపిస్తలేదా శేఖరూ నీకు? డెబ్బై ఏండ్ల మనిషి మీ నాయనమ్మ. పప్పు గిన్నె పట్టుకొని వంటింట్లకెల్లి వస్తుంటే, తలుపెనక నిలబడి పళ్ళెం మీద కొడ్తవా. ఆమె దడుసుకొని గిన్నె ఇడిచిపెడితే ఆ మొహాన్ని పట్టుకొని "సూపర్ వచ్చింది తాతా" అని నాకే చూపెడ్తవా. అడిగితే నీ దయ్యం సిన్మా కోసం ఆమె దడుసుకున్నట్టు చెయ్యకపోవునా? అడిగి చేపిస్తే నిజం భయం రాదంటవు. కాలేజీల సార్లు నేర్పిన్రంటవు. నవ్వకు. పప్పు పోయిందని కాదు, మజ్జిగ పోసుకొని తింటం. నీ సార్లు పుట్టకముందే ఈ విద్య మొత్తం తెల్సినోన్ని నేను చూసిన. వాడేమైండో సుత చూసిన.

నోవహు అని ఉండె. కార్ఖాన బస్తీల మిషను బడి వెనక మాది ఎనిమిది ఇండ్ల లైను. నేను ఆ బడిల గంట కొట్టేటోన్ని. చదివింది నాలుగో తరగతే, అయినా నా గంట ఒక్క నిమిషం ఎనకాముందు అయిందని ఎవ్వలనలే. నోవహు బొల్లారంల సోల్జర్ల సిన్మాహాల్ల మిషన్ తిప్పేటోడు. ఆదివారం పొద్దుగూకంగ మా గుడిల లాంతరు బొమ్మలు చూపెట్టేటోడు. అద్దం పలక మీద రంగుల బొమ్మ, దాని ఎనక దీపం, ముందర తెల్లబట్ట, అంతే. నరకం బొమ్మ చూపెట్టేది ఉంటే ముందుగాల నవ్విపిచ్చేటోడు. యోనా చేప కడుపుల కూసొని చెప్పులు ఎతుక్కుంటున్నట్టు కథ చెప్పేటోడు. జనం కిలకిల నవ్వుతుంటే దీపం తగ్గించేటోడు. మాట బంద్. మనసుల పది దాక లెక్కపెట్టేటోడు. "అన్నా, ఎనిమిది కాడ చూపెట్టినవనుకో, చప్పగుంటది. పన్నెండు దాక ఆగినవనుకో, దగ్గుడు షురూ చేస్తరు. పది" అని నాతోని అనేటోడు. అప్పుడు మంట బొమ్మ పెట్టి, లాంతరును ఒక చేత్తోని మెల్లగ ఎనకకు గుంజేటోడు, ఇంకో చేత్తోని బొమ్మ మసకబారకుంట ముందరి భూతద్దం తిప్పేటోడు. మంట పెద్దగై పెద్దగై జనం మీదికొచ్చినట్టే ఉండె. సరిగ్గ అప్పుడే తెర ఎనక నిలబెట్టిన పిలగాడు రేకు మీద ఒక్కటి కొట్టేటోడు. ఆడోళ్ళు ఏడ్చేటోళ్ళు. పాస్టరయ్య ఏడాది పొడుగూత వాక్యం చెప్పినా కదలనోళ్ళు ఒక్క రేకు చప్పుడుకు మారుమనస్సు పొందిండ్రు. సోమవారం పొద్దుగాల నల్లా కాడ మళ్ళ ఎప్పటోళ్ళే.

ఆ, దానికే వస్తున్న. జకర్యా అని లైన్ల మొదటింటోడు, మిలిటరీ స్టోర్ల గుమస్తా. ఆయన బిడ్డ ప్రేమమణిని నోవహు చేసుకుందామనుకున్నడు. జకర్యా ఏమన్నడు? మీసం మీద చెయ్యేసుకొని, "నీది ఒక్కటే గది, ఒక్క అర్ర ఇల్లు. నా బిడ్డ పొయ్యి కాడ పండాలనా? రెండర్రల ఇల్లు చూపెట్టు, అప్పుడు మాట్లాడు" అన్నడు. లైను మొత్తంల రెండర్రల ఇల్లు మూలకున్నదొక్కటే. అండ్ల రోసమ్మ ఉండె. మొగడు చచ్చిపోయిన మనిషి, బడిపిల్లలకు వంట చేసేది. మలేరియాకు క్వినైన్ మింగి మింగి రెండు చెవులు పోయినయి. తనకు వినబడదని లోకానికి సుత వినబడదనుకొని గట్టిగ అరిచి మాట్లాడేది. ఆ ఇల్లు తప్ప ఆమెకు భూమ్మీద ఇంకో తావు లేదు. మా మిషన్ల ఒక కాయిదా ఉండె: ఏ ఇంటికైన వరసగ మూడు ఆదివారాలు తాళం ఉంటే, కమిటీ ఆ ఇల్లు వేరేటోళ్ళకిస్తది. నోవహు బుర్రల ఆ మూడు ఆదివారాలే తిరుగుతున్నయి.

అది నలభై ఎనిమిది. పోలీసు చర్య ముందు దినాలు. రజాకార్లు గీడికొచ్చిన్రట, గాడికొచ్చిన్రట అని దినాం ఒక కబురు. ఆగస్టుల షురూ చేసిండు నోవహు. దీపాలు పెట్టే యాళ్ళకు గోడెనక ఇనుప తట్టల కంకర పోసి, పాత మిలిటరీ బూట్లు రెండు చేతులకు తొడుక్కొని తొక్కిచ్చేటోడు. మొదాలు మెల్లగ, దూరంకెల్లి వస్తున్నట్టు. మళ్ళ జెర గట్టిగ. మన ఇంటి ముందరికి వచ్చినట్టే వచ్చి, ఆగేటివి. ఆగుడే అసలు పని. బూట్లు నడుస్తుంటే ఎటో పోతున్నయి అనుకుంటం. ఆగినయంటే మన కోసమే ఆగినయి. ఇంక లాంతరు పెట్టి ఎదురుగోడ మీద నీడ ఏసేటోడు, తుపాకి పట్టుకున్న మనిషి, మోకాళ్ళ కాడికెల్లి నడుం దాక, అంతే. "మొత్తం చూపెడితే కొలుస్తరన్నా, సగం చూపెడితే మిగిలింది వాళ్ళే పెంచుకుంటరు" అని నాకు చెప్పి నవ్విండు. అవును, నాకు తెల్సు. తెల్సి ఊకున్న. నా పని గంట కొట్టుడు, ఊరి సంగతి నాకెందుకు అనుకున్న. అది నా తప్పే, నేనేం దాస్తలేను.

ఇగ జకర్యా ఉన్నడు గద, "వచ్చేటోన్ని రానీ, గడప మీద పండుకుంట, నన్ను దాటిపోవాలె" అన్నడు పెద్ద గొంతుతోని. రెండో దినమే దొరికిన బండి పట్టుకొని పెండ్లాం బిడ్డలతోని బెజవాడకు పోయిండు. కట్టెపెట్టె మర్సిపోలే, కోళ్ళగంప మర్సిపోలే, నోవహుకిచ్చిన మాటొక్కటే మర్సిపోయిండు. ఆ ఎనకనే ఇంకో నాలుగిండ్లు. పాస్టరయ్య సుత "మందను ఎతుక్కుంట పోతున్న" అని సైకిలెక్కిండు. అందరు పోతే రోసమ్మ సుత ఎంట పోతదని నోవహు లెక్క, కని ఎవ్వల్ని ఎల్లగొట్టాల్నో ఆ మనిషి మాత్రం కదల్లే. కంకర చప్పుడు ఆమెకెక్కడ వినబడాలె? గోడ మీద నీడ చూసి బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకొని, లైను మొత్తానికి వినబడేటట్టు, "నోవహూ, ఏందయ్యా నీ లాంతరు ముందర ఆరేసినవు? నీడ పడి బియ్యంల రాళ్ళు కనబడ్తలెవ్వు, తియ్యి" అన్నది. తీసిండు. ఇంకేం చేస్తడు. చప్పుడు లేకుంటే అది ఆరేసిన తువాలే. ఇయ్యాల నీ సిన్మాకు చప్పుడు బంద్ చేసి చూడు, దయ్యం కాదు, మొహానికి పిండి రాసుకున్న మనిషి కనబడ్తడు.

సెప్టెంబర్ల ఒక సోమవారం, ఫౌజులు రాజ్యంల చొచ్చినయని తెల్సింది. లైన్ల ముగ్గురమే మిగిలినం. బడి తాళాలు నా కాడున్నయి, ఇడిచిపెట్టి ఎట్ల పోత? రోసమ్మకు ఏం సంగతి తెల్వదు. మూడోటోడు వాడు. సిన్మాహాల్ బంద్, బడి బంద్, గంట కొట్టొద్దని కమిటీ చెప్పిపోయింది. పిల్లల ఏడుపు లేదు, నల్లా కాడ లొల్లి లేదు, జకర్యా కోళ్ళు సుత లెవ్వు. మా దిక్కు ఒక్క తుపాకి చప్పుడు వినబడలే. గంత చప్పుడు లేని తావు నేను మళ్ళ ఎన్నడు చూడలే. నాకేం కాలే, రోసమ్మ ఎప్పటిలెక్కనే ఉల్లిగడ్డలు కోసుకుంటుండె. నోవహుకే అయింది. ఎందుకంటే చప్పుడు లేకుంట పోయినంక ఏమొస్తదో వానికొక్కనికే ఎరుక. వాకిట్ల కూసొని ఏళ్ళ మీద పది లెక్కపెడ్తడు. ఏం కాదు. మళ్ళ ఒకటికెల్లి. మంగళవారం పగటీలి నా కాడికొచ్చిండు. "అన్నా, ఒక్కసారి గంట కొట్టవా. ఒక్కటే దెబ్బ." నేను ఆర్డర్ లేదన్న. "మెల్లగ అన్నా." లేదన్న. నేను గట్లనే ఉంటి. బుధవారం తెల్లారి చూస్తే వాని ఇంటికి తాళం.

శుక్రవారానికి రాజ్యమే మారిపాయె. అందరు ఒక్కొక్కరు తిరిగొచ్చిన్రు, జకర్యా తప్ప. ఆయన బిడ్డను బెజవాడలనే తార్ ఆఫీసుల టెలిగ్రాంలు కొట్టే పిలగానికిచ్చిండు. నోవహు అక్టోబర్ సగం అయినంక వచ్చిండు. పోయినోళ్ళందరి ఇండ్లకు మూడు ఆదివారాలు దాటినయి, కాయిదా ప్రకారం వాళ్ళల్ల ఎవ్వలకు ఇల్లు లేదు. పాస్టరయ్య కమిటీ కూసోబెట్టి, ప్రాణభయంతోని పోయినోళ్ళకు మాఫీ అన్నడు. ఏం విన్నరో చెప్పాలె, రాసుకుంటరు. "బూట్లయ్యా, మా ఇంటి ముందర ఆగినయి" అని ఒకరు. "మా ఇంటి ముందర సుత" అని ఇంకొకరు. నోవహు వంతొచ్చింది. "నువ్వేం విన్నవు నాయనా?" అని పాస్టరయ్య అడిగిండు. "ఏం వినలేదయ్యా" అన్నడు. అది నిజమే. అప్పుడు నేను లేచి పోయి, వాని గోడెనకున్న కంకర తట్ట, బూట్లు తెచ్చి బల్ల మీద పెట్టిన. జెర ముందుగాల తేవాల్సింది. వాని ఇల్లు పోయింది, గుడిల లాంతరు పని పోయింది.

ఆ యాభై దినాలు వాడు లాలగూడల రైలింజన్ల షెడ్డు కాడ ఉన్నడట. ఏంది? అవును, నెల రోజులే, యాభై కాదు, మర్సిపోయిన. మళ్ళ గాడికే పోయి షెడ్డు గోడకు ఆనుకొని ఉన్న అర్ర తీసుకున్నడు. పగలు రాత్రి ఇంజన్ల బుసబుస, కూతలు. మనుషులు ఉండలేని తావు, వానికి గక్కడనే నిద్ర పట్టేది. పెండ్లి చేసుకోలే. గుడికొచ్చేటోడు, కని "మౌనంగ ప్రార్థన చేద్దాం" అని అయ్య అనంగనే లేచి బయట రోడ్డు మీద నిలబడేటోడు. ఇరవై ఆరేండ్లు గట్లనే ఎల్లదీసిండు. డెబ్బై నాలుగు ఎండకాలంల రైల్వోళ్ళ సమ్మె అయింది చూడు, ఇంజన్లన్ని ఆగినయి. మూడో దినం పొద్దుగాల మా లైనుకొచ్చిండు. నా దిక్కు చూడలే. సక్కగ మూలింటికి పోయి రోసమ్మ వాకిట్ల నిలబడ్డడు. ముసల్దైంది ఆమె అప్పటికి. ఎందుకొచ్చినవని అడగలే, అడిగినా జవాబు వినబడేది కాదు. ఎండుమిరపకాయలు దంచే దినాలు. రోట్ల మిరపకాయలు పోసి, రోకలి వాని చేతికిచ్చి, "మెత్తగ దంచు నోవహూ, ఏడాదికి సరిపోవాలె" అని అరిచింది. దంచిండు. కండ్లు ముక్కు కారుతుంటే దంచిండు. చేతులకు పొక్కులొచ్చినయి. మరుసటి దినం మళ్ళ వచ్చిండు. మిరపకాయలు అయిపోతే పసుపుకొమ్ములు పోసింది. అవి సుత అయిపోయినయి. సమ్మె ఇంకా అయిపోలే. అయినా దినాం వస్తనే ఉన్నడు. ఇంజన్లు మళ్ళ కూసే దాక, వట్టి రోలు దంచిండు.