రెండో బిళ్ళ

ఫిలింనగర్ సెట్లో పొద్దుట్నుంచీ అదే సీను. సైన్యానికి బియ్యం, బూట్లు అందించే విభాగంలో పాతికేళ్ళు చేసి, ఇప్పుడు సినిమాకు సలహాలివ్వడానికొచ్చిన పెద్దాయన ఓపిక లేకపోయినా కుర్చీలోంచి లేచాడు.

“జర ఆపు బాబూ. సచ్చిపోయినోని మెడల పేరు బిళ్ళలు రెండూ తీస్తుండేంది మీ హీరో?”

“తల్లికివ్వాలి కదండీ. సీను పండేదే అక్కడ,” అన్నాడు అసోసియేట్ డైరెక్టర్.

“ఒక్కటే తియ్యాలె. రెండోది శవం మీదనే ఉండాలె. లేకుంటే వాడెవడో ఎట్ల తెలుస్తది?”

“ఎవరు గమనిస్తారండీ? హీరోగారు వెళ్ళిపోవాలి.”

“గాడ, లడాయిల గూడ గిట్లనే అయింది. బియ్యం మోసిన లారీలనే శవాలు దించేటోళ్ళం. ఒకపారి ఇద్దరొచ్చిండ్రు. మొకాల్లేవు, బిళ్ళల్లేవు. దోస్తులు ఇంటోళ్ళకిద్దామని రెండూ తీసుకున్నరట.”

“మరెలా?”

“బూట్లు ఇచ్చింది నేనే. ఒకని కాలు ఏడో నంబరు, ఇంకొకనిది ఎనిమిది. బూటు నంబరు చూసి శవపెట్టెల మీద పేర్లు రాయమన్నరు.”

“రాశారా?”

“రాసిన.”

“పోన్లెండి, ఎవరింటికి వాళ్ళు చేరారు.”

పెద్దాయన మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

“ఆ నెల ఏడో నంబరు స్టాకు లేకుండె బాబూ. ఇద్దరికీ ఎనిమిదే ఇచ్చిన.”