అవతలి రేవుకు జవాబు

పాత రేవు దగ్గర చింతచెట్టు ఉందే, మిట్టమధ్యాహ్నం దాని నీడకి మేకలు కూడా పోవు, ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? చెబుతాను, ఆ లాంతరు కాస్త ఇటు జరపండి.

మీరు చూస్తున్నది ఆనాటి ఊరే కాదర్రా. అప్పట్లో కొండల మీంచి వెదురు తెప్పలూ, చింతపండూ, విస్తళ్ళు కుట్టే అడ్డాకులూ ఏటి మీద దిగేవి, ఇక్కణ్ణుంచి ఉప్పూ ఎండుచేపలూ ఎగువకి పోయేవి, దిగినవాళ్ళకి వండిపెట్టే పూటకూళ్ళ ఇళ్ళే పదకొండు, తాళ్ళు పేనేవాళ్ళకి ఒక వీధి, తెడ్లు చెక్కేవాళ్ళకి ఇంకో వీధి. ఇందరి కూడూ ఎవరి చేతిలో ఉంది? ఏరు దాటించే నూకయ్య చేతిలో.

రేవుకొక కట్టుబాటు ఉండేది. అవతలి ఒడ్డున మనిషి కేకేస్తే, పడవవాడు "వస్తన్నా" అనాలి, అన్నాక వెళ్ళి తీరాలి. గాలి ఎక్కువుంటే జవాబివ్వకుండా ఊరుకోవచ్చు, తప్పులేదు. కానీ జవాబొచ్చాక అవతలి మనిషీ కదలకూడదు, పడవ ఖాళీగా తిరిగొస్తే రేవుకి కీడని.

తర్వాత ఎగువన మూడు మైళ్ళ దూరంలో వంతెన కట్టారు. వైశాఖంలో ప్రారంభం, ఊరంతా బళ్ళు కట్టుకుని అటే పోయింది, నూకయ్య ఒక్కడే ఆ చెట్టు కింద పడవ వైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు, సరిగ్గా మిట్టమధ్యాహ్నం, అవతల్నించి కేక. అడ్డాకుల సూరమ్మ, ఇరవై ఏళ్ళుగా నెత్తిన మోపుతో దాటే మనిషి. "వస్తన్నా" అన్నాడు. తెడ్డు అందుకునేలోపే మునసబుగారి బండి వచ్చి ఆగింది, ఇన్నాళ్ళూ ఊరిని దాటించినవాడివి, వంతెన మీద మొదటి అడుగు నీదేనట, దండ కూడా వేస్తారట, ఎక్కమన్నారు బండిలోవాళ్ళు.

"అవతల మనిషుంది బాబూ" అన్నాడట.

"వంతెనుందిగా, నడిచొస్తుంది. ఇంకా నీ పడవేంటయ్యా!" అని నవ్వారట.

నిజమే కదా అనిపించింది నూకయ్యకి. మీకైనా అనిపిస్తుంది, నాకైనా అనిపిస్తుంది.

దండ వేయించుకున్నాడు, కానీ మనసు నిలవలేదు, పొద్దు వాలుతుంటే వంతెన దాటి ఆవలి ఒడ్డు వెంబడే దిగొచ్చాడు, దారిలో ఎదురొస్తుందేమోనని చూస్తూ. ఎదురు రాలేదు. రేవులోనే ఉంది, మోపు మీదకి ఒరిగి. వడదెబ్బకి ప్రాణం పోయింది. అక్కడ గేదెలు కాసే ముసలాయన చెప్పాడట, నీడకి రావే అంటే రాలేదయ్యా, నూకయ్య వస్తనన్నాడు, నేను లేకపోతే పడవ ఖాళీగా పోద్ది అంది, అని.

ఈదుకుంటూ ఇవతలికొచ్చి, పడవ తీసుకెళ్ళి, సూరమ్మనీ ఆమె మోపునీ దాటించాడు. అదే ఆ పడవ ఆఖరి దాటింపు. తర్వాత కొట్లన్నీ వంతెన దగ్గరికి తరలిపోయాయి, వీధులు రెండూ ఖాళీ అయ్యాయి, నూకయ్య మాత్రం చెట్టు కిందే ఉండిపోయి, ఎవరూ పిలవకపోయినా ఉండుండి "వస్తన్నా" అనేవాడు, వానాకాలం రాగానే అక్కడే పోయాడు.

ఏమ్మా వెంకాయమ్మా, సూరమ్మ దెయ్యమై పిలుస్తోందా అంటావా? ఆమెకి దెయ్యమయ్యే పనేముందే? ఆమె మాట ఆమె నిలబెట్టుకుంది. అక్కడ పిలుపు వినబడదు, జవాబే వినబడుతుంది.

అందుకని మధ్యాహ్నం పూట అటు పోకండి. పోయినా కేక మాత్రం వేయకండి. ఈసారి తప్పకుండా వస్తాడు, దాటించడానికి పడవే లేదు.