మూడంగుళాలు లేపిన బండి

హలో… ఆ, నేనే. ఇంకెవరుంటారు ఈ షెడ్డులో?

చెప్పు బావా. పొద్దున్నించి ఇది నాలుగో ఫోను.

…

నీ జీపు బండి కిందే ఉన్నా. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నా. మెడ పట్టేస్తే నువ్వే వచ్చి రుద్దుదువుగాని.

…

ఏంటి, చక్రాల ఎలైన్‌మెంట్ ఒక్కటి చూసి పంపెయ్యాలా? విప్పొద్దా?… ఎందుకు విప్పొద్దు?… అయ్యా, తమరు ఎప్పుడు మెకానిక్ అయ్యారు?… వీడియోలు చూసి. ఆ, మర్చిపోయా.

— నువ్వాగు. నేనడుగుతా, నువ్వు చెప్పు. మొన్న శుక్రవారం మలుపు దగ్గర బ్రేకు తొక్కితే బండి పక్కకి లాగిందా లేదా?… లాగింది. కాలవలోకి పోబోయిందా?… పోబోయింది. వెనక సీట్లో చిన్నదాని పెదవి చిట్లిందా?… ఎన్ని కుట్లు?… రెండా? అక్క ఫోన్లో ఒకటే అంది. చూశావా, నిన్ను వెనకేసుకురావడానికి అక్క నాతో కూడా అబద్ధాలాడుతోంది.

…

భయపడదా మరి? ఆరేళ్ళ పిల్ల. అది నా మేనకోడలు బావా. ఆ బండి పేరెత్తితే ఇప్పుడు మంచం కింద దూరుతోందట.

అలాంటి బండికి ఎలైన్‌మెంట్ చూసి పంపెయ్యాలి. మొహానికి కాస్త పౌడరు కూడా రాసి పంపనా?

…

అసలు దీన్ని నేల మీంచి ఇంత ఎత్తుకి ఎందుకు లేపించావు? మూడంగుళాలు! నేను వద్దన్నానా లేదా? ఇక్కడే, ఈ బల్ల మీద కూర్చోబెట్టి, టీ తాగించి మరీ వద్దన్నా. టీ తాగావు, తలూపావు, వెళ్ళిపోయావు.

— కొండలెక్కడానికా? ఏ కొండ? నువ్వు రోజూ ఎక్కే కొండ మీ ఆఫీసు పార్కింగు ర్యాంపు. నువ్వు దాటే వాగు మీ వీధి చివర పగిలిన నీళ్ళ పైపు.

…

ఆ, మీ ఆదివారం బృందం. తెలుసులే. అందరూ బళ్ళు లేపుకున్న వీరులే. వెళ్ళి బురదలో దిగబడడం, ట్రాక్టరు పిలిపించుకోవడం, లాగినాయన్ని పక్కకి జరగమని ఆ ట్రాక్టరు ముందే ఫోటో దిగడం.

నవ్వుతున్నావా?… మరి ఆ శబ్దమేంటి?… దగ్గా. సరే.

పాపం అక్క. బండెక్కాలంటే ఒక ప్లాస్టిక్ స్టూలు, దిగాలంటే మళ్ళీ అదే స్టూలు. దాన్ని బండిలో ఎక్కడ పెట్టాలో తెలీక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోంది. పక్కింటావిడ అడిగిందట, స్టూలు పట్టుకుని రోజూ ఎక్కడికమ్మా అని. నవ్వాలో ఏడవాలో తెలీలేదంది నాతో.

…

సరే, విను. ముందు నీ తెలివి చెప్తా, తర్వాత ఆ చేసినవాడి తెలివి.

స్ప్రింగులు పొడుగువి తెప్పించావు. షాక్‌అబ్జార్బర్లు మాత్రం పాతవే ఉంచావు, పొట్టివి. చక్రం గుంతలో దిగిన ప్రతిసారీ ఆ పొట్టివి చివరికంటా సాగి టక్కుమని ఆగిపోతున్నాయి. కింద ఎవరో సుత్తితో కొడుతున్నట్టుంది అన్నావే, అదే ఆ సుత్తి.

బండి లేస్తే ముందరి ఇరుసు ఒక పక్కకి జరుగుతుంది. అది చూసుకోవాలి. నీదానికి ఎడమ టైరు వేలెడు బయటికొచ్చింది. స్టీరింగు తిప్పి వదిలితే తిన్నగా రాదు, ఎటు పోవాలో తెలీనట్టు రోడ్డంతా తిరుగుతుంది. నువ్వు రెండు చేతుల్తో పట్టుకుని కుస్తీ పడతావు. దానికి నువ్వు పెట్టిన పేరు సాహసం.

…

టైర్లా? టైర్ల గురించి నన్నడక్కు. అవి ట్రాక్టరుకి కూడా పెద్దవే.

— అబ్బా, ఇవన్నీ సరిచెయ్యొచ్చు. నాకు మండేది ఇవి కాదు. ఆ చేసినవాడి మీద మండుతోంది నాకు. ఎవడు బావా వాడు?

…

గుర్తులేదా? రెండు రోజులు బండి ఇచ్చి ఊరుకున్నావు, ఎవడికిచ్చావో గుర్తులేదా?

…

రోడ్డు పక్కన ఎవరో. ఏ రోడ్డు?… ఆ రోడ్డు కూడా గుర్తులేదు. బాగుంది. ఇంటి అడ్రసైనా గుర్తుందా?

చూడు, నేను అత్తారింటికెళ్ళిన నాలుగు రోజులు చూసుకుని మరీ చేయించావు. నేనుంటే చెయ్యనివ్వనని. సరే, నేను లేను. నాన్న ఉన్నాడుగా షెడ్డులో? వయసు మీదపడిందని ఆయన చేతికి పనివ్వక రెండేళ్ళయింది నిజమే, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంటాడు. నోరుందిగా? ఒక్క మాట అడిగితే చెప్పేవాడు. నలభై ఏళ్ళు బళ్ళ కింద పడుకున్న మనిషి.

…

ఏంటి?… అడగాల్సింది. ఆ, ఇప్పుడు తెలిసింది అల్లుడుగారికి.

…

ఆ రోడ్డుపక్కవాడు ఏం చేశాడో చెప్పనా? ఇరుసుని బండికి పట్టి ఉంచే ఇనప కడ్డీలుంటాయి. వాటి చివర గుండ్రటి రబ్బరు బుష్‌లు, మధ్యలోంచి బోల్టు. ఆ బోల్టు ఎప్పుడు బిగించాలి?… నీకు తెలీదు, తెలియక్కర్లేదు కూడా. స్పానర్ పట్టినవాడికి తెలియాలి. బండిని కిందికి దించి, బరువంతా చక్రాల మీద పడ్డాక బిగించాలి. ఈ మహానుభావుడు చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బిగించి పారేశాడు.

…

ఏమవుతుందా? నీ మెడ పక్కకి తిప్పి కట్టేసి, ఇప్పుడు ముందుకి చూస్తూ నడవమంటే ఏమవుతుంది? బండి దించగానే రబ్బరు మెలితిరిగింది. అలాగే నెల రోజులు తిప్పావు. చిరిగింది. చిరిగాక ఇరుసుకి పట్టెక్కడిది? బ్రేకు తొక్కావు, ఇరుసు జరిగింది, కాలవ వైపు పోయావు. అదీ కథ.

ఇది పని నేర్చుకునే మొదటి నెలలో తెలిసే విషయం బావా. నేనూ ఒకసారి ఇలాగే గాల్లో బిగించబోతే నాన్న నెత్తి మీద ఒక్కటిచ్చాడు. "నిలబడ్డాక బిగించరా, నిలబడ్డాక!" ఇప్పటికీ జాకీ చూస్తే నా చెయ్యి నెత్తి మీదకి పోతుంది.

వీడికి ఎవరూ ఒక్కటివ్వలేదు. నేనిస్తా. ఎవడో చెప్పు.

…

గొడవెందుకా? వాడి షెడ్డు ముందు నిలబడి, నలుగురూ చూస్తుండగా, ఈ చిరిగిన రబ్బరు తీసి వాడి చేతిలో పెడతా. ఇంకోసారి వాడి చేతిలో స్పానర్ కనిపించకూడదు. పిల్ల పెదవికి రెండు కుట్లు బావా. అదే కాలవలో పడుంటే?

— వదిలెయ్యాలా? ఎందుకు?… పెద్దాయనా? పెద్దాయనైతే ఇంట్లో కూర్చోమను. కళ్ళు కనపడకపోతే, బుర్ర పనిచెయ్యకపోతే, మనవల్ని ఆడించుకోవాలి. పిల్లలెక్కే బండి ముట్టుకోకూడదు.

…

వాడి మీద నీకెందుకంత జాలి?

…

ఉండు, ఈ వెనక బోల్టుకి స్పానర్ పట్టట్లేదు. అంతా మట్టి. నీ సాహసయాత్రల మట్టి, ఇటుకలా గట్టిపడింది. గీకాలి.

— వద్దంటావేంటి? గీక్కుండా ఎలా విప్పను, మంత్రం వేసి?

వాడు కనీసం గీతైనా పెట్టాడో లేదో చూద్దాం. మా షెడ్డులో బోల్టు బిగించగానే దాని మీంచి ఒక గీత గీస్తాం. గీత తప్పిందంటే బోల్టు వదులైనట్టు. నాది తెల్ల రంగు. నాన్నది ఎరుపు… రంగేంటి, అక్క గోళ్ళరంగు. ఎత్తుకొచ్చేసేవాడు. అక్క సీసా కోసం ఇల్లంతా వెతుక్కునేది, అది ఈయన చొక్కా జేబులో ఉండేది. గీత లేకపోతే బిగించనట్టే అనేవాడు. నీ రోడ్డుపక్కవాడికి అంత శ్రద్ధ ఎక్కడ—

…

…

ఉన్నా. లైన్లోనే ఉన్నా.

…

ఏం కాలేదు. ఉండు.

…

బావా. ఎర్రగా ఉంది.

…

తుప్పు కాదు. తుప్పేదో నాకు తెలీదా? సన్నగా, తిన్నగా ఉంది. ఇదిగో, ఇటు బోల్టు మీద కూడా ఉంది… దీని మీదా ఉంది.

…

నాన్న చేశాడా?

…

నిన్నే అడుగుతున్నా. నాన్న చేశాడా?

…

ఆయనే రమ్మన్నాడా… "వాడు ఊళ్ళో లేడు, తీసుకురా అల్లుడూ" అన్నాడా.

…

రెండు రోజులూ ఒక్కడే… ఈల వేసుకుంటూనా? నాన్న ఈల వెయ్యడం నేను విని ఎన్నేళ్ళయింది.

…

మధ్యలో ఏమడిగాడు?… ఈ బండి ఎవరిదని. నిన్నే. రెండుసార్లు… నాదే మామయ్యా అన్నావు. నవ్వేశాడు.

మరి ఇప్పుడు?… ఆ పని తను చేసినట్టే గుర్తులేదా? "దీన్నెవరు లేపారు అల్లుడూ" అని మొన్న నిన్నే అడిగాడా?

…

నాకెందుకు చెప్పలేదు బావా?… నేనేమంటానో అనా? ఏమంటా— …ఆ. ఇందాక అన్నవన్నీ అనేవాణ్ణి.

ఇంతసేపు నన్నెందుకు వాగనిచ్చావు? బుర్ర పనిచెయ్యకపోతే ఇంట్లో కూర్చోమన్నా. స్పానర్ కనిపించకూడదన్నా. అన్నీ దగ్గుకుంటూ విన్నావు. అక్కకి తెలుసా?… తెలుసు. కుట్లు అందుకే తగ్గించి చెప్పిందన్నమాట. నీ కోసమనుకున్నా.

…

ఏడవట్లేదు. మట్టి కళ్ళలో పడింది. బండి కింద పడుకున్నవాడికి ఇంకెక్కడ పడుతుంది?

…

భయమేస్తోంది బావా. నాకు మొట్టమొదట నేర్పింది అదే. అదే మర్చిపోయాడు.

…

డాక్టరుకి చూపిస్తా. సోమవారం. నువ్వూ రావాలి, నేను పిలిస్తే రాడు, నువ్వు పిలిస్తే చొక్కా మార్చుకుని మరీ వస్తాడు.

అలా అని నువ్వేదో గొప్పవాడివైపోయావనుకోకు. టైర్లు నీ తెలివే. స్టూలు నీ తెలివే. ముసలాయన సరదాపడితే నాలుగు బోల్టులు తుడవమని ఇవ్వాలి, ఇరుసిస్తారా ఎవరైనా?

…

షెడ్డుకి రావొద్దని చెప్పను. నావల్ల కాదు. రానీ. ఆయన ఎర్ర గీత గీసిన ప్రతి బోల్టూ నేను మళ్ళీ చూస్తా. పక్కన నా తెల్ల గీత పడ్డాకే బండి గేటు దాటుతుంది. నీదైనా, ఎవరిదైనా.

…

ఇవి మాత్రం ఇప్పుడే తుడిచేస్తున్నా. గుడ్డకి కాస్త రంగు తీసే థిన్నరు… పోతోందిలే. చూశాడంటే అర్థమైపోతుంది. చిన్నదాని పెదవి చూసొచ్చి నిన్న అన్నం ముట్టలేదు. ఇది తన చేతిపని అని తెలిస్తే మనిషి మిగలడు బావా.

— ష్. చెప్పుల చప్పుడు. వస్తున్నాడు. నువ్వేం మాట్లాడకు.

ఆ నాన్నా!… ఎవరూ లేరు, బావ ఫోన్లో. ఆ, బావ బండే.

…

వంగకు, నడుం పట్టేస్తుంది… సరే, చూడు. వెనక రబ్బరు. ఆ, చిరిగింది.

…

అవును, మెలితిరిగింది. గాల్లో ఉండగానే బిగించారు.

…

తెలుసు. నిలబడ్డాక బిగించాలి. తెలుసు నాన్నా.

…

ఏ వెధవ చేశాడా?

…

నేనే నాన్నా.

…

ఆ, నేనే. ఇంకెవరుంటారు ఈ షెడ్డులో? అత్తారింటికెళ్ళే తొందరలో, దించకుండానే…

…

నిజమే. పిల్లకేమన్నా అయ్యుంటే… తప్పే నాన్నా. నాదే తప్పు— అబ్బా! మళ్ళీ నెత్తి మీదేనా? బావ వింటున్నాడు, పరువు పోతుంది!

…

సరే, నువ్వే చూపించు. కొత్త రబ్బర్లు వేసి బండి కిందికి దించుతా. నిలబడ్డాక నువ్వు బిగిద్దువుగాని.

బావా… ఏంటి, మళ్ళీ దగ్గా? ఊరుకో. ఉంటా మరి. మీ మామయ్య స్పానర్ అడుగుతున్నాడు.

ఇదిగో నాన్నా, పట్టుకో.