బహ్రెయిన్‌ల మీ తాత పోసిన సాక

“పెద్దతాతా, ఒక్క సీసా గురించి మా తాతను బహ్రెయిన్‌ల కొలువులకెల్లి తీసేస్తమన్నరట. నిజమేనా?”

నిజమే బిడ్డా. ఎవలు చెప్పిండ్రు? మీ నాయినమ్మనా? ఆమె సగమే చెప్పి ఉంటది, అక్కడ లేకుండె గదా. నేనున్న. ఫోన్ల ఎక్కిస్తున్నవా? ఎక్కియ్యి. ఆ తలుపు కాడ నిలబడ్డ పోరగాండ్లను గూడ లోపలికి రమ్మను, నలుగురు ముంగట కూసుంటె గాని నాకు మాట సాగది. ఆ... కూసోండ్రి. తల్లీ ఎల్లమ్మా, తప్పులు రాకుంట చెప్పియ్యి.

మీ తాత బతికుండంగ ఈ ముచ్చట ఎత్తితె సిగ్గుపడి లేచి పోయెటోడు. మా చెల్లెను ఇచ్చినం గదా, నాకు బావ. సత్తయ్య తాటిచెట్టు ఎక్కితె చూడాలె నువ్వు. మోకు నడుముకేసి ఎక్కుతుంటె నిచ్చెన మీద పోయినట్టే. ఒకనాడు పొద్దుగాల సగం చెట్టు మీదికెల్లి జారిండు. పానం దక్కింది, అది తల్లి దయ. గని కుడికాలు మళ్ల చెట్టుకు పనికిరాలే. కల్లుగీసెటోనికి కాలు పోతె ఇంకేముంటది చెప్పు? మా చెల్లె వచ్చి ఏడ్సింది... లేదు లేదు, ఏడ్వలే. ఆమె ఏడ్సె మనిషి గాదు. గమ్మున కూసున్నది. నాకు అదే ఎక్కువైంది.

నేనప్పుడు బహ్రెయిన్‌ల హూర అనే పేటల ఒక హోటల్ల ఉన్న. తొంభైల మాట ఇది. బారుకు సీసాలు, సామాన్ అందించుడు నా డ్యూటీ. ఏంది నవ్వుతున్నవ్? తాగనోనికి బారుల ఏం పనంటవా? తాగనోనికే ఇస్తరు బిడ్డా స్టోరు తాళంచెయ్యి! ఆ తాళంచెయ్యి పేరు చెప్పుకొనే మేనేజర్ కాళ్లా ఏళ్లా పడి మీ తాతకు వీసా తెప్పిచ్చిన. పక్క పేట గుదైబియల నా రూములనే ఉండె. శుక్రవారం సెలవైతె మా రూముల భజన. నేను పాడుడు, అందరు అందుకొనుడు. మీ తాత గొంతు మాత్రం అస్సలు కలవకపోయేది, తాళం కొట్టుమని చెప్పిన.

ఆయనకు గిలాసలు తుడిచి బల్ల మీదికి అందిచ్చుడు పని. కుంటుకుంట చేసేటోడు, చేతుల గిలాస మాత్రం కదలకపోయేది. కొత్తగ వచ్చిండు, మేనేజర్‌కు ఇంకా నమ్మకం లేకుండె. ఇది యాది పెట్టుకోండ్రి.

ఒకసారి ఫ్రాన్స్ దేశం నుంచి ఒక ముసలామె వచ్చింది. వెంట కొడుకు. వాళ్లది తరతరాల సారా ఇల్లు. సారా అంటె మన తీరు గాదు, కోన్యాక్ అంటరు దాన్ని. హోటల్ల పెద్ద పెద్ద గెస్టులకు రుచి చూపెట్టుమని పిలిపిచ్చిండ్రు. వాళ్ల ఇంటి పాత సీసాలు రెండు తెచ్చింది. ఒకటి ముందురోజు తీసి చూసెతందుకు, ఒకటి మరునాడు గెస్టులకు.

మా బారు పెద్ద జోసెఫ్ భాయ్, గోవాయన. దేవుని మనిషి, మెడల సిలువ. ఆమెతోని ఇంగ్లీషుల, మాతోని హిందీల. ఆయనను పట్టుకొని నేనడిగిన ప్రశ్నలకు లెక్క లేదు. నాకట్ల ఉంటది గదా, తెల్వనిది కనబడితె ఊకె ఉండలేను. ద్రాక్షరసం పులియబెట్టి రాగి బట్టీల రెండుసార్లు కాస్తరట. కాచినప్పుడు నీళ్ల తీరు తెల్లగుంటదట. మరి ఈ బంగారపు రంగెక్కడిదంటె, చెక్క పీపాలది. పీపాలల్ల యేండ్లకేండ్లు పండవెడుతరు. బాగ పాతబడ్డంక పెద్ద గాజు బుడ్లల్ల పోసి ఒక అర్రల పెట్టి తాళమేస్తరట. ఆ అర్రను ఏమంటరో తెలుసునా? స్వర్గం అంటరట! నేను చెంపలేసుకున్న.

ఆ రెండు సీసాలల్లది ముసలామె వాళ్ల తాత కాచింది. కాచిన తాత తాగలే, ఆయన కొడుకు తాగలే, మనుమరాలు పట్టుకొచ్చింది. మీ తాత నా చెవుల అన్నడు, “అదేంది బావా, కాచినోడు రుచి చూడకుంటనే పోయిండా? మన కల్లు పొద్దుగాల దించితె పొద్దుమీకెవరకు పులుస్తది. మనుమరాలి దాక ఆపుతె లొట్టి కుండ గూడ మిగలది” అని. నేను మోచేత్తోని పొడిచిన, సప్పుడు చెయ్యకుమని.

ఆ ముందురోజు పగటీలి ఏమైందంటె, బారుల బల్ల చుట్టూ ముసలామె, కొడుకు, మేనేజర్. జోసెఫ్ భాయ్ సీసా బిరడా తీస్తుంటె పాతది గదా, పొడిపొడి అయ్యింది. వడకట్ట గుడ్డ తెస్తనని లోపలికి పోయిండు. ముసలామెకు చెయ్యి వణుకుతది. పక్కన ఎవలున్నరని చూస్తె మీ తాత. ఇంత పొయ్యుమని సైగ చేసింది.

మీ తాత సీసాను రెండు చేతులల్ల తీసుకున్నడు. పసిపిల్లను పట్టుకున్నట్టు. తూర్పుదిక్కు తిరిగి, “తల్లీ ఎల్లమ్మా” అన్నడు. అని, నాలుగు చుక్కలు కిందికి వంచిండు.

కార్పెట్ మీద!

సాక పోసిండు బిడ్డా. మన ఇండ్లల్ల లొట్టి దించినంక మొదటి చుక్కలు ఎల్లమ్మకు నేలకు పోసి గదా, తర్వాతనే ఎవలన్న తాగేది. పుట్టినకాంచి చేసిన చెయ్యి అది. కల్లా, కోన్యాకా అని చెయ్యి అడుగుతదా?

కొడుకు మొఖం ఎర్రగైంది. మేనేజర్ లేచి నిలబడ్డడు. “ఖలాస్! సామాన్ సర్దుకో, ఎల్లిపో” అని ఒక్క అరుపు. మీ తాత మొఖం దిక్కు చూసిన. ఇంటికి పోతె ఏం చేస్తడు? చెట్టెక్కలేడు. ఇంకెవ్వలు ఇయ్యరు పని. నేను స్టోరు తలుపుల నిలబడి చూస్తున్న గదా, లోపలికి ఉరికి జోసెఫ్ భాయ్‌ని గుంజుకొచ్చిన. “భాయ్, నీ దేవుని మీద ఒట్టు, ఆమెకు సమజయ్యెటట్టు చెప్పు. పారబోయలే, మా తల్లికి ఇచ్చిండు” అన్న.

ఆయన చెప్పుకుంట పోతున్నడు, ముసలామె ఇంటున్నది. మేనేజర్‌ను చేత్తోని ఆపింది. ఇని, మెల్లగ నవ్వింది. వాళ్ల పీపాలల్ల గూడ యేడాదికింత మాయమైతదట. చెక్క సందులకెల్లి గాలికి పోతది. దాన్ని వాళ్లు దేవదూతల వంతు అంటరట. ఆ ఆవిరి తిని గోడలు, కప్పులు నల్లగ బూజు పడతయట, ఆ ఊర్ల ఎవలింట్ల సారా ఉన్నదో కప్పు చూసి చెప్పొచ్చట. “మీ దేవత పోసినంకనే తాగుతదా, తనంత తనే తీసుకోదా?” అని జోసెఫ్ భాయ్‌తోని నన్ను అడిగిచ్చింది. ఆ మాట ఇప్పటికి ఆలోచిస్తనే ఉన్న.

ఇగ అయిపోయింది, గట్టెక్కినం అనుకున్న. కాలే. ముసలామె నవ్వంగనే మేనేజర్ గూడ నవ్విండు. “మంచిగున్నదే! రేపు గెస్టుల ముంగట గిట్లనే చెయ్యమను. తలపాగ చుట్టుమను, దీపాలు తగ్గిస్తం. చేస్తె నౌకరీ ఉంటది” అన్నడు.

ఒకదిక్కు ఆ కుంటికాలు కనబడుతున్నది, ఒకదిక్కు తల్లి కనబడుతున్నది. మీ తాతకు తెలుగుల చెప్పిన. ఆయన ఒక గిలాస తుడిచిండు, పెట్టిండు. అప్పుడన్నడు, “బావా, తమాషా చూసెతందుకు నేను పొయ్య. తల్లిని నవ్వులాటకు పిలిచినట్టైతది. గిలాసలు కడుగుమంటె కడుగుత, బాత్రూములు కడుగుమంటె కడుగుత. అది మాత్రం నాతోని గాదు.”

నేను చెప్పంగ మేనేజర్ ఇన్నడు. “అయితె టికెట్ చేపిస్త” అన్నడు.

ముసలామె ఇంకా లేవలే. జోసెఫ్ భాయ్‌ని ఒక్కటే అడిగింది, “ఎవలు చూడకపోతె పోస్తడా?” అని. నేను మీ తాతను అడిగిన. “ఎవలు చూడకపోతె ఇంకా మంచిగ పోస్త” అన్నడు.

అప్పుడామె మేనేజర్ దిక్కు తిరిగి, “సీసా నాది. రేపు ఈయననే తీయమను, లోపల ఎవ్వలు ఉండొద్దు” అన్నది. కొడుకు ఏదో అనబోయిండు. చెయ్యి ఆయన చేతి మీద పెట్టింది, అంతే.

మరునాడు సాయంత్రం గెస్టులు బయట సూట్లు, టైలు ఏసుకొని నిలబడ్డరు. తలుపు మూసిండ్రు. మూయకముందే నేను గేటు కాడి పూలకుండీ ఒకటి మోసుకపోయి లోపల పెట్టొచ్చిన, కార్పెట్ మీద మళ్ల వద్దని. లోపల మీ తాత, సీసా, ఆ కుండీ. నేను తలుపు కాడ కావలి. మేనేజర్ గడియారం చూస్తడు, నన్ను చూస్తడు. ముసలామె కుర్చీల కూసొని కండ్లు మూసుకున్నది, ఆమె గూడ ఎవలికి మొక్కుతున్నదో. సముద్రం అవుతలికి, ఆ ఏసీ అర్రలకు, తురకల దేశానికి మన ఎల్లమ్మ వస్తదా రాదా అని నాకొకటే రంది.

మీ తాత తలుపు తెరిచి తల బయట పెట్టిండు. “తల్లి తాగింది బావా. ఇగ వీళ్లను రమ్మను” అన్నడు.

ఆ రోజు బల్ల బల్ల తిరిగి గెస్టులందరికి పోసింది మీ తాతనే. మేనేజర్ టికెట్ మాట మళ్ల ఎత్తలే. నేను వాసన మాత్రమే చూసిన బిడ్డా, నా నోటికి నియమం ఉన్నది గదా. ఎండుద్రాక్ష, పాత చెక్కపెట్టె, ఇంకేదో ఉండె... పేరు రాలే నాకు, ఇప్పటికి రాదు.

లోపల ఏమని మొక్కిండో చెప్పలే. రూముకు పోయినంక అడిగిన, భజనల అడిగిన, ఇంటికొచ్చినంక గూడ అడిగిన. తాళం కొట్టుకుంట నవ్వేటోడు. మీ నాయినమ్మకు గూడ చెప్పలేదట... ఏమో మరి.

దా, దగ్గరికి రా బిడ్డా. నీ సదువు అయిపోవస్తున్నది గదా. మంచి పని దొరకాలె నీకు. ఆ పనిల నువ్వు మొక్కుకొనెతందుకు ఒక్క మూల, తలుపేసుకొనేటంత మూల, దొరకాలె. సల్లగుండు.